జెండా మారినా ఆగని పాట: థామస్ మప్ఫూమో నుంచి మనం నేర్వాల్సింది



ఆఫ్రికా, పాట, తిరుగుబాటు. ఈ మూడు మాటలు కలిపి అంటే మన పిల్లల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది బాబ్ మార్లే బొమ్మ ఉన్న టీషర్టు. మార్లే జమైకా మనిషి. ఇంకొంచెం చదివినోళ్లు నైజీరియా ఫేలా కూటీ పేరు చెప్తారు. ఇద్దరూ గొప్పోళ్లే, కాదనను. కానీ ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడుకుంటూ పెరిగిన మనలాంటోళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన పేరు వేరే ఉంది. అది థామస్ మప్ఫూమో. జింబాబ్వే దేశస్తుడు. షోనా భాషలో పాడతాడు.

ఆయనే ఎందుకు అంటే రెండు కారణాలున్నాయి. ఒకటి, తెల్లదొరల ప్రభుత్వం మీద ఆయన దొరల బాణీలో పాడలేదు. తల్లి భాషలో, తాతల వాయిద్యం నడకలో పాడాడు. రెండు, దొరలు పోయి తనోళ్ల ప్రభుత్వం వచ్చాక, ఆ ప్రభుత్వం జనాన్ని దోచుకుంటుంటే దాని మీద కూడా పాడాడు. మొదటిది కష్టం. రెండోది ఇంకా కష్టం. రెండోది చేయలేని పాట మొదటిదాన్ని కూడా సగంలోనే వదిలేసినట్టని నేనంటాను. ఎందుకంటానో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు భూమి సంగతి. భూమి తెలియకుండా ఆ పాట అర్థం కాదు.

జింబాబ్వేకి అప్పటి పేరు రొడీషియా. సెసిల్ రోడ్స్ అనే వ్యాపారి పేరు తెచ్చి ఒక దేశానికి తగిలించారు. 1890లో ఆయన కంపెనీ దళం ఆ నేల మీదికొచ్చింది. పశువుల్ని లాక్కుంది, గుడిసెకింత అని పన్నేసింది, చాకిరీ చేయించుకుంది. 1896-97లో జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటులో నెహండా అనే పూర్వీకురాలి ఆత్మ పూనే ఒక స్త్రీ జనానికి ధైర్యం చెప్పింది. 1898లో ఆమెను ఉరి తీశారు. తన ఎముకలు మళ్లీ లేస్తాయని చెప్పి ఆమె పోయిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తిరుగుబాటునే షోనా జనం చిమురెంగా అంటారు. పోరు అని అర్థం.

తర్వాత చట్టం వచ్చింది. 1930లో భూ విభజన చట్టం చేసి దేశంలో దాదాపు సగం భూమి, అదీ మంచి నేల, వానపడే చోటు, పిడికెడు మంది తెల్లోళ్ల పేరున రాసేశారు. అసలు జనాన్ని రాళ్లూ ఇసుకా ఉన్న రిజర్వుల్లోకి తోలారు. 1960లలో ఆ రిజర్వులకు ఇంకో పేరు పెట్టారు. ట్రైబల్ ట్రస్ట్ లాండ్స్. పేరు చూడండి ఎంత ముద్దుగా ఉందో! గిరిజనుల కోసం నమ్మకంగా కాపాడుతున్న భూములట. కాగితం మీద ట్రస్టు, కాలి కింద బండరాళ్లు. ఇలాంటి పేర్లు మనం కూడా వినే ఉన్నాం కాబట్టి దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

1965 నవంబర్ 11న ఇయాన్ స్మిత్ అనే ప్రధాని, నల్లోళ్లకు రాజ్యం ఇవ్వాల్సి వస్తుందనే భయంతో, బ్రిటన్‌తో తెంచుకుని సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు. అది తెల్లోళ్ల స్వాతంత్ర్యం. దానికి జవాబుగా అడవుల్లో రెండో చిమురెంగా మొదలైంది. 1970ల్లో ఆ యుద్ధం ముదిరేసరికి, పల్లెల జనం పోరాటదళాలకు అన్నం పెట్టకుండా ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి కంచె వేసిన శిబిరాల్లో పెట్టారు. వాటికి రక్షిత గ్రామాలని పేరు.

ఆ నేల మీద 1945లో మరొండేరా అనే ఊళ్లో పుట్టినోడు మప్ఫూమో. చిన్నప్పుడు తాత, అవ్వల దగ్గర పల్లెలో పెరిగాడు. డోలు, ఎంబీరా వింటూ పెరిగాడు. పదేళ్లప్పుడు పట్నం చేరాడు. పట్నంలో ఏముంది? రేడియోలో రాక్ పాటలు. ఎల్విస్ ప్రెస్లీ, రోలింగ్ స్టోన్స్. కుర్రాళ్లందరూ అవే పాడేవాళ్లు. మప్ఫూమో కూడా ఏళ్లకేళ్లు ఆ ఇంగ్లీషు పాటలే పాడి కడుపు నింపుకున్నాడు. 1970ల మొదట్లో మాంగురా రాగి గనిలో కూలీల వినోదం కోసం ఒక బ్యాండు పెట్టారు. పగలు కోళ్ల ఫారంలో పని, సాయంత్రం పాట. అందుకే ఆ బ్యాండు పేరులో కూడా కోళ్లు చేరాయి, హల్లెలూయా చికెన్ రన్ బ్యాండ్ అని.

అక్కడే మలుపు తిరిగింది. పొద్దంతా భూమి కింద రాగి తవ్వి వచ్చిన కూలీకి ఎల్విస్ ఏం చెప్తాడు? ఊరి పాట వాయిస్తే మాత్రం వాళ్ల కాళ్లు కదిలేవి. దాంతో బ్యాండు వాళ్లు షోనా పాటల్ని, ఎంబీరా బాణీల్ని గిటార్ మీదికి తేవడం మొదలుపెట్టారు.

ఎంబీరా అంటే ఏంటో చెప్పాలి. ఒక చెక్క పలక, దాని మీద ఇరవైకి పైగా సన్నని ఇనుప రేకులు. రెండు బొటనవేళ్లు, ఒక చూపుడు వేలుతో మీటుతారు. పెద్ద సొరకాయ బుర్రలో పెట్టి వాయిస్తే ఊరంతా వినపడుతుంది. గవ్వలో, సీసా మూతలో తగిలిస్తారు, జుమ్మని తేనెటీగల మోత కలవడానికి. అది ఉత్త వినోదం కాదు. బీరా అనే కొలువులో రాత్రంతా వాయించి చచ్చిపోయిన పెద్దల్ని పిలుస్తారు. పెద్దలు పూని వచ్చి వాన గురించి, జబ్బు గురించి, భూమి గురించి మాట్లాడతారు. అందుకే మిషనరీలు దాన్ని దయ్యాల వాయిద్యమని తిట్టారు. చర్చిలో చేరాలంటే ఎంబీరా వదలాలన్నారు. బడికెళ్లిన పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి సిగ్గుపడేలా చేశారు.

ఇప్పుడు చూడండి. జాషువా దూబే అనే గిటార్ వాయించే మనిషి, తీగల మీద అరచెయ్యి ఆనించి మోత తగ్గించి, ఒక్కో స్వరాన్ని పొట్టిగా, ఎంబీరా రేకు మోగినట్టు వాయించాడు. ఆ తర్వాత జోనా సిథోలే ఆ దారిని ఇంకా వెడల్పు చేశాడు. డ్రమ్ముల మీద హోషో, అంటే గింజలు పోసిన సొరకాయ గిలకల దరువు వచ్చి కూర్చుంది. దొర ఇచ్చిన కరెంటు గిటార్‌లోంచి తాతల ఎంబీరా మాట్లాడింది. సిగ్గుపడమన్న వాయిద్యం జూక్‌బాక్సుల్లో, కల్లు దుకాణాల్లో, మైకుల్లో మోగింది. ఒక్క నినాదం లేకపోయినా అది రాజకీయమే. మీ పెద్దలు చచ్చిపోలేదు, మీ భాష చచ్చిపోలేదు అని జనానికి చెప్పడం కంటే పెద్ద రాజకీయం ఏముంటుంది?

ఈ ఇద్దరు గిటారిస్టుల పేర్లు కావాలనే రాశాను. పోరాట పాట అనగానే మనం ఒక్క ముఖాన్ని పోస్టర్ చేస్తాం. వెనకాల వాయించినోళ్లను మర్చిపోతాం. అట్లాగే స్టెల్లా చివేషే పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఎంబీరా మగోళ్ల వాయిద్యమని, ఆడపిల్లకు నేర్పడానికి జనం వెనకాడే రోజుల్లో, 1960ల్లోనే పట్టుబట్టి నేర్చుకుని, ప్రపంచమంతా తిరిగి వాయించింది. 2023లో చనిపోయింది. దొర మీద పోరాడుతూ ఇంట్లో ఆడపిల్ల చేతిలోంచి వాయిద్యం లాక్కుంటే అదేం పోరాటం?

సరే, పాటలోని మాటల సంగతి. సెన్సారు ఉంది, రేడియో ప్రభుత్వానిది. నేరుగా ప్రభుత్వాన్ని కూల్చండి అని పాడితే రికార్డు బయటికి రాదు. మప్ఫూమో ఏం చేశాడు? సామెతలు, పొడుపు మాటలు, పాత దుఃఖపు పాటల్లాంటి మాటలు వాడాడు. షోనా మనిషికి లోపలి అర్థం తెలుసు. షోనా రాని అధికారికి అది ఏదో ఊరి పాట. పామురోమో చేటే అని ఒక పాట, అంటే ఉత్త నోటి మాట అని. ఇయాన్ స్మిత్ ప్రగల్భాల మీద దెబ్బ. ప్ఫుమ్వు పారుజేవ్హా అని ఇంకోటి, రిజర్వుల్లో పడ్డ కష్టాల మీద. హొకోయో అనే ఆల్బమ్ పేరుకు జాగ్రత్త అని అర్థం. ఎవరికి జాగ్రత్త అనేది వినేవాడే తేల్చుకోవాలి. పిల్లల్ని యుద్ధానికి పంపండి అని అర్థం వచ్చే పాట దాకా వెళ్లాడు. ఈ పాటలకు పేరు కూడా ఆ పాత తిరుగుబాటు పేరే, చిమురెంగా.

సర్కారు రేడియో వాటిని ఆపేసింది. పక్క దేశం మొజాంబిక్‌ నుంచి పోరాటదళాల రేడియో వేసింది. పల్లెల్లో పుంగ్వే అనే రాత్రి సభలు జరిగేవి. దళాలు, ఊరి జనం, సాయం చేసే ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి తెల్లవార్లూ పాడేవాళ్లు, ఆడేవాళ్లు, రాజకీయం మాట్లాడుకునేవాళ్లు. ఆ సభల్ని మరీ తీపిగా ఊహించుకోవద్దు. ద్రోహి అని ముద్ర పడిన వాళ్లకు అక్కడే శిక్షలు కూడా పడ్డాయి. పాట ఉన్న చోటల్లా న్యాయం ఉన్నట్టు కాదు.

చివరికి పోలీసులకు కూడా లోపలి అర్థం తెలిసిపోయింది. 1970ల చివర్లో మప్ఫూమోను పట్టుకుని, కోర్టు విచారణ లేకుండా మూడు నెలలు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక బిషప్ ముజొరేవా సభలో పాడించారు. ఈ ముజొరేవా 1978లో స్మిత్‌తో రాజీ ఒప్పందం చేసుకున్న నాయకుడు. ఆ సభలో పాడినందుకు మప్ఫూమో మీద జనంలో అనుమానాలు లేచాయి. ఆయన మాత్రం అక్కడ కూడా తన పోరు పాటలే పాడానన్నాడు. మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. ఒక కళాకారుణ్ని జైలుతో లొంగదీయలేకపోతే వేదిక ఎక్కించి లొంగదీయాలని చూస్తారు. ఈ రెండో ఎత్తే ఎక్కువ ప్రమాదం. జైలుకు పోతే జనం దండ వేస్తారు. వేదిక ఎక్కితే జనం అనుమానిస్తారు.

1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యం వచ్చింది. 17వ తేదీ రాత్రి రుఫారో స్టేడియంలో పాత జెండా దించి కొత్త జెండా ఎగరేశారు. బాబ్ మార్లే వచ్చి పాడాడు. లోపల బ్రిటన్ రాకుమారుడు, దేశదేశాల నాయకులు, అతిథులు. బయట గేట్ల దగ్గర మామూలు జనం. పాట వినిపించగానే జనం లోపలికి తోసుకొచ్చారు. వాళ్ల మీద టియర్ గ్యాస్ కొట్టారు. కొత్త దేశం పుట్టిన రాత్రే, ఆ దేశం కోసం పిల్లల్ని పోగొట్టుకున్న జనం కళ్లలో గ్యాస్. నాకు ఆ రాత్రి గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు అనిపిస్తుంది. ఎవరు లోపల, ఎవరు బయట అనేది ఆ రోజే తేలింది.

మొదటి ఏళ్లలో మప్ఫూమో కూడా గెలుపు పాటలే పాడాడు. కొత్త ప్రభుత్వాన్ని, రాబర్ట్ ముగాబేను మెచ్చుకున్నాడు. ఓడిపోయినోళ్లను సిగ్గుపడండి అని వెక్కిరించే పాట కూడా ఉంది. ఇక్కడే మనం ఒక గట్టి మాట మాట్లాడుకోవాలి. 1983 నుంచి 1987 దాకా ఆ దేశపు పడమటి వైపు, ఎండెబేలే జనం ఉండే మటబెలెలాండ్‌లో, ప్రభుత్వ సైన్యం వేలాది మంది సామాన్యుల్ని చంపింది. గుకురహుండి అంటారు దాన్ని. చంపించింది తెల్లోళ్లు కాదు, విముక్తి పోరాటం నడిపిన పార్టీ. చిమురెంగా పాట షోనా పాట. దేశంలో షోనాలు ఎక్కువ, ఎండెబేలేలు తక్కువ. పెద్ద తెగ తన గెలుపు పాటల్లో మునిగి ఉన్నప్పుడు చిన్న తెగ ఏడుపు వినపడకపోవచ్చు. మప్ఫూమోను ఎంత ఇష్టపడినా ఈ మాట దాటేసి పోవద్దు. ఆదివాసీలం అనే ఒక్క గొడుగు కింద పెద్ద తెగలూ ఉన్నాయి, వంద గడపలు కూడా దాటని చిన్న తెగలూ ఉన్నాయి. మన వేదిక మీద ఎవరి పాట మోగుతుంది, ఎవరి పాటకు మైకు దొరకదు? ఈ ప్రశ్న మనం వేసుకోకపోతే రేపు మనకు ఎవరో వేస్తారు.

ఇక 1988, 89. బులవాయో నగరంలో క్రానికల్ అనే పత్రిక ఒక కుంభకోణం బయటపెట్టింది. విల్లోవేల్ కార్ల ఫ్యాక్టరీ నుంచి మంత్రులు, పెద్దలు ప్రభుత్వ ధరకు కార్లు తీసుకుని, బయట ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. సామాన్యుడికి కారు కాదు, బస్సు కూడా దొరకని రోజులవి. విచారణ కమిషన్ వేశారు, కొందరు మంత్రులు రాజీనామా చేశారు. వార్త రాసిన పత్రిక సంపాదకుణ్ని ఆ కుర్చీలోంచి తప్పించారు. సరిగ్గా ఆ రోజుల్లో, 1989లో, మప్ఫూమో కరప్షన్ అనే పాట తెచ్చాడు. ఈసారి పొడుపు మాటలు లేవు. అందరికీ అర్థమయ్యేలా, ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే పాడాడు. దొర మీద సామెతల చాటున పాడినోడు, తనోళ్ల మీద ముసుగు తీసి పాడాడు. స్వతంత్ర దేశపు రేడియో ఆ పాటను పక్కన పెట్టింది. దొర రేడియో చేసిన పనే మన రేడియో కూడా చేసింది.

అప్పుడు ఏమని ఉంటారో ఊహించగలరు. మనోడై ఉండి మనోళ్ల మీద పాడతావా? శత్రువుకు బలం ఇస్తావా? పోరాటాన్ని మర్చిపోయావా? ఎక్కడైనా ఇదే పాట. ఉద్యమంలో గొంతు చించుకుని పాడినోళ్లను గెలిచాక రెండే దారుల్లో పెడతారు. పదవి తీసుకుని పొగుడు, లేదా నోరు మూసుకో.

మప్ఫూమో మూడో దారి పట్టాడు. 1990ల చివరికి ధరలు మండిపోయి, ఉద్యోగాలు పోయి, దేశం కుదేలయింది. 1999లో మామ్వేమ్వే అనే పాట వచ్చింది. చిరుగుపాతలు అని అర్థం. దేశం పీలికలైంది అని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. ఆ పాటలు కూడా సర్కారు రేడియోలో మోగలేదు. 2000లో ఆయన కుటుంబాన్ని తీసుకుని అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం యూజీన్ ఊరికి చేరాడు. అదే ఏడాది ముగాబే ప్రభుత్వం తెల్లోళ్ల ఫారాల్ని ఆక్రమించే పని మొదలుపెట్టింది. ఇది కూడా జాగ్రత్తగా ఆలోచించాలి. భూమి తిరిగి రావాలన్నది నిజమైన డిమాండు. దొంగిలించిన భూమి దొంగిలించిందే, నూరేళ్లయినా. కానీ ఇరవై ఏళ్లు ఆగి, ఓట్లు జారిపోతున్నాయని తెలిసినప్పుడు ఆ డిమాండును బయటికి తీసి, మంచి ఫారాల్లో చాలావాటిని పార్టీ పెద్దలకు పంచితే? దొర చేసిన అన్యాయం పోలేదు, దొర పోగానే మనోళ్ల అన్యాయం వచ్చి కూర్చుంది. దాన్ని అడిగినోణ్ని తెల్లోళ్ల మనిషి అన్నారు. ఉద్యమం పేరు చెప్పి ఉద్యమం నోరు మూయించడం అంటే ఇదే.

2017 నవంబర్‌లో ముగాబే దిగిపోయాడు. 2018 ఏప్రిల్‌లో మప్ఫూమో చాలా ఏళ్ల తర్వాత హరారేలో పాడాడు. వేల మంది వచ్చారు. జడలు కట్టిన జుట్టుతో, డెబ్బై దాటిన ముసలాయన. పాటలు పాతవే, జనానికి నోటికొచ్చినవే.

మీలో కొందరు అడుగుతారని తెలుసు. అన్నా, పాట పాడితే పట్టా వస్తుందా? నిజమే, రాదు. చిమురెంగా పాట ఒక్కటే స్మిత్‌ను దించలేదు. తుపాకులు, ఆంక్షలు, పక్క దేశాల సాయం, చర్చలు అన్నీ కలిస్తే దిగాడు. పాటకు అంత బరువు ఎత్తితే అది మోయలేదు. మరి పాట ఏం చేస్తుంది? మూడు పనులు చేస్తుంది. సిగ్గు పోగొడుతుంది. పత్రిక రాయని వార్తను ఊరూరా మోస్తుంది. గెలిచాక నాయకుడు మర్చిపోయిన మాటను గుర్తు చేస్తుంది. పట్టా కోసం కోర్టుకు, ఐటీడీఏకు, ధర్నాకు పోవాల్సిందే. కానీ అక్కడికి నడిచే కాళ్లకు ధైర్యం ఇచ్చేది పాట.

అయితే ఎలాంటి పాట? సినిమా బాణీ తీసుకుని అందులో జల్, జంగల్, జమీన్ అని మూడు మాటలు పెట్టి, డీజే బాక్సు మీద మోగిస్తే అది పోరాట పాట అయిపోదు. మప్ఫూమో కూడా ఎల్విస్ బాణీలో షోనా నినాదాలు పెట్టి ఉంటే ఈ రోజు ఆయన గురించి నేను రాసేవాణ్ని కాదు. ఆదిలాబాద్‌లో ప్రధాన్ పెద్దలు కిక్రి, పేప్రే పట్టుకుని పెర్సాపేన్ ముందు గోండు గోత్రాల కథలు రాత్రంతా పాడతారు. ఎంబీరాకు ఉన్న బలమే వాటికీ ఉంది. పెద్దల్ని పిలిచే బలం. ఆ కిక్రి బాణీని గిటార్ మీదికో, కీబోర్డు మీదికో తేగలిగే పిల్లలు మన ఊళ్లల్లో లేరా? ఉన్నారు. వాళ్లు ముందు ఆ పెద్దల పక్కన కూర్చుని, అడిగి, మర్యాదగా నేర్చుకోవాలి. పూజలో వాయించేది ఏది, బయట వాయించొచ్చేది ఏది అని పెద్దలే చెప్తారు.

ఇంకో మాట చెప్పి ఆపేస్తా. రేపు మన సర్పంచి, మన ఎమ్మెల్యే, మన సంఘం నాయకుడు తప్పు చేస్తాడు. చేయడనుకోవద్దు, అధికారం ఎవరినీ వదలదు. ఆ రోజు మన పాటగాడు అడిగితే, వాణ్ని ద్రోహి అని తరమకండి. వాడి చుట్టూ నిలబడండి. మప్ఫూమో చుట్టూ అలా నిలబడి ఉంటే, దేశం పీలికలైందని పాడిన మనిషి ఆ దేశం వదిలి పోవాల్సి వచ్చేది కాదు. దొరను తిట్టే పాటకు మనమందరం చప్పట్లు కొడతాం. మనల్ని అడిగే పాటను కూర్చుని వింటామా లేదా అన్నదాని మీదే, మనం గెలిచాక ఎలాంటి మనుషులం అవుతామో తేలుతుంది.

జోహార్.